ఆరున్నర కిలోల ఎండుగడ్డి

పొద్దున్న ఏడు గంటలు. ఇంటి వెనక, ఒకే ఒక్క గుర్రం ఉన్న శాల. కూతురు పశువుల డాక్టరు. తండ్రి ఒకప్పుడు పందెపు గుర్రాల మీద జాకీ.

"ఇవేంటి?"

"ఏవి?"

"ఇవి. నా చేతిలో ఉన్నవి. కళ్ళజోడు పెట్టుకుని చూడు."

"లద్దె. గుర్రం లద్దె వెయ్యక పన్నీరు చల్లుతుందా?"

"లద్దెలో ఏమున్నాయని అడుగుతున్నా నాన్నా."

"గడ్డి."

"గడ్డి కాదు. గింజలు. అరగని ఓట్స్. ఇదిగో ఒకటి. ఇదిగో ఇంకోటి. ఇవి దీని పొట్టలోకి ఎలా వచ్చాయి?"

"పిచ్చుకలు తెచ్చి పడేసుంటాయి."

"పిచ్చుకలా!"

"ఇక్కడ బోలెడు తిరుగుతాయి. నువ్వు ఆసుపత్రికి పోయాక చూడు, వాటిదే రాజ్యం."

"మూడు వారాలు నాతో మాట్లాడకుండా ఉన్నావ్. నోరు విప్పి చెప్పే మొదటి ముక్క ఇదా? పిచ్చుకలు?"

"నువ్వడిగావ్, నేను చెప్పా. నమ్మితే నమ్ము, లేకపోతే పో."

"ఎక్కడికీ పోను. మామయ్యని రమ్మన్నాను, గిట్టలు చూస్తాడు. ఈలోగా ఆ గోడ మీద చార్టు చదువు."

"ఎందుకు?"

"చదువు. పైకి చదువు."

"కళ్ళజోడు లేదు."

"చొక్కా జేబులో ఉంది."

"ఇదొకటి నీకు, పోలీసు బుద్ధి! సరే. 'మిరియం. ఆడ గుర్రం. పంతొమ్మిదేళ్ళు. బరువు నాలుగు వందల అరవై కిలోలు. ఉండాల్సింది నాలుగు వందల ఇరవై.' ఎవరన్నారు ఉండాల్సింది అని?"

"నేనన్నాను. తరవాత?"

"'ఎండుగడ్డి రోజుకి ఆరున్నర కిలోలు, కాటా వేసి, నాలుగు పూటలుగా. గంటసేపు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెట్టాలి.' రుచంతా నీళ్ళలో పోతే దానికింక మిగిలేది పీచు!"

"తీపి పోవాలనే నానబెట్టమన్నా. గడ్డిలోనూ చక్కెర ఉంటుంది. దీని ఒంటికి అది పడదు. చదువు."

"'మినరల్ పొడి రెండు చెంచాలు, తరిగిన గడ్డి గుప్పెడు తడిపి అందులో కలపాలి. ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దాణా లేదు. ఓట్స్ లేదు. బార్లీ లేదు. యాపిల్ లేదు. క్యారెట్ లేదు. పచ్చికలోకి వదలకూడదు.' లేదు, లేదు, లేదు. ఇది మేత చీటీయా, జైలు రూలా?"

"కింద ఎర్రసిరాతో రాసింది?"

"అది చిన్న అక్షరాలు."

"ఈ శాలలో అంతకన్నా పెద్ద అక్షరాలు లేవు."

"'గింజ పెడితే గిట్టలు పోతాయి.' చాలా? చదివేశా. ఇంక పనిచేసుకోనీ."

"ఏం పని? దాని కాళ్ళకేసి ఒక్కసారి చూశావా ఇవాళ? చూడు. అటు కాదు, ఇటు. ముందుకాళ్ళు రెండూ చాచేసి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి నిలబడింది. ఎందుకలా నిలబడుతుందో నీకు నేను చెప్పాలా?"

"రాత్రంతా నిలబడి ఒళ్ళు పట్టేసుంటుంది."

"నాన్నా."

"ముసలిది కదా. నాకూ పట్టేస్తుంది పొద్దున్నే."

"నాన్నా! గిట్ట మీద చెయ్యి పెట్టు. పెట్టు. పొయ్యి మీది గిన్నెలా కాలుతోంది. మడమ వెనక నాడి పట్టుకుని చూడు, ఎలా కొట్టుకుంటుందో. గిట్ట లోపల వాచింది. గట్టి డిప్పలో ఇరుక్కున్న వాపు, బయటికి రాలేదు. గోరు కింద ముల్లు దిగితే నువ్వు ఊరుకుంటావా? దీనికి రెండు కాళ్ళలోనూ అంతే. పైన నాలుగు వందల డెబ్బై కిలోల బరువు."

"డెబ్బయ్యా? అరవై అని రాశావ్ కదా."

"అదే నేనూ అడుగుతున్నా! మొదటి వారం తొమ్మిది కిలోలు తగ్గింది. రెండో వారం ఆ తొమ్మిదీ మళ్ళీ వచ్చేశాయి. మూడో వారం ఇంకా పెరిగింది. ఆరున్నర కిలోల నానిన గడ్డి తిని ఏ గుర్రమూ పెరగదు. నా లెక్క తప్పేమోనని మళ్ళీ వేశా. కాటా తప్పేమోనని కొత్తది తెచ్చా. గడ్డిలో ఏదో ఉందేమోనని చిన్న సంచీడు పరీక్షకి పంపించా. మూడు రాత్రులు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా. అన్నిటినీ అనుమానించాను నాన్నా. నిన్ను తప్ప."

"అయితే ఇప్పుడు అనుమానించు. అదొక్కటీ ఎందుకు మిగలాలి?"

"పెట్టావా, లేదా? ఒక్క ముక్క చెప్పు."

"ఏ ముక్క చెప్పినా నువ్వు వినేది నీ ముక్కే."

"పెట్టావా, లేదా?"

"ఏమ్మా మేనకోడలా! గొంతు గేటు దాకా వినబడుతోంది. గుర్రాన్ని భయపెడుతున్నావా, మా బావనా?"

"వచ్చావా మామయ్యా! పట్టకారు తెచ్చావా? ముందుకాళ్ళు చూడాలి. లాడాలు పీకెయ్యాలి."

"లాడాలు కొట్టేవాణ్ణి పట్టకారు లేకుండా వస్తానా? నువ్వు ఫోన్లో ఏడ్చినంత పని చేశావ్, టీ కూడా తాగకుండా పరిగెత్తుకొచ్చా. ఏం బావా, కులాసానా? అలా మొహం గోడకి పెట్టుకున్నావేం?"

"ఏం లేదురా. నీ పని నువ్వు చూసుకుపో."

"చూస్తా, చూస్తా. అన్నట్టు నీ పొట్ట కుదుటపడిందా? ఓట్స్ పడ్డాయా?"

"ఒరేయ్..."

"ఏ ఓట్స్ మామయ్యా?"

"అదేనమ్మా, మీ నాన్నకి గుండె డాక్టరు రోజూ పొద్దున్న ఓట్స్ జావ తాగమన్నాడట కదా. మా వీధిలో టోకు కొట్టుంది. రెండు వారాల్నుంచి నేనే తెచ్చిస్తున్నా, వారానికో సంచి."

"సంచి అంటే ఎంత?"

"ఇరవై కిలోలు."

"ఇరవై కిలోలు."

"నేనూ అనుకున్నాననుకో, ఏంటి బావ మరీ ఇంత జావ తాగుతున్నాడని. ఎన్నో ఏళ్ళు తిండి మానేసిన మనిషి కదా, ఇప్పుడు వడ్డీతో సహా లాగిస్తున్నాడేమోలే అని..."

"ఒరేయ్, నువ్వు నోరు మూసుకుని గిట్ట చూడరా!"

"మామయ్యా, నాన్నకి గుండె డాక్టరే లేడు."

"లేడా?"

"లేడు."

"మరి ఆ నలభై కిలోలూ... అయ్యో. అయ్యో బావా. దీనికా?"

"అవును, దీనికే! పెట్టాను! ఏం చేస్తారు ఇద్దరూ కలిసి? ఉరి తీస్తారా? నా గుర్రం, నా చేతులు, నేను పెట్టాను!"

"పిచ్చుకలన్నావ్!"

"నువ్వు అడిగే తీరుకి అంతకన్నా ఏం చెప్పమంటావ్? డాక్టరమ్మ వచ్చింది, చార్టు అంటించింది, కాటా పెట్టింది, వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఇక్కడుండేది ఎవరు? నేను! గడ్డి అయిపోయాక అది తొట్టి నాకుతుంటే చూసేది ఎవరు? నేను! గేటు చప్పుడైతే చాలు, చెవులు నిక్కబొడుచుకుని నాకేసి చూస్తుంది. ఆ చూపు నీ చార్టులో ఎన్నో గడిలో రాశావే?"

"తిండి చాలక కాదు, తీపికి అలవాటు పడి..."

"ఆకలంటే నీకేం తెలుసు? పుస్తకంలో చదివావ్. నేను బతికాను దాంతో. ఇరవై ఏడేళ్ళు! యాభై రెండు కిలోలు దాటితే పందెం లేదు. మండుటెండలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని మైదానం చుట్టూ పరిగెత్తాను. కమలాపండు తొన నమిలి ఉమ్మేసేవాణ్ణి, మింగితే కాటా మీద కనబడుతుందని. కాటా మీద నిలబెట్టిన ప్రతిసారీ నా నోట్లో ఉమ్మి కూడా ఉంచుకునేవాణ్ణి కాదు. ఎముకలు లెక్కపెట్టుకుంటూ పడుకునేవాణ్ణి. నాకు కాటా చూపిస్తావా? నా కళ్ళ ముందు ఇంకో ప్రాణిని కాటాకి కట్టేస్తావా?"

"అయిందా?"

"అవలేదు!"

"అయితే నేను చెప్పేదాకా ఆగు. నాకేం తెలుసన్నావ్ కదా. పందెం రోజు మనింట్లో పొయ్యి వెలిగేది కాదు. వాసనొస్తే నీకు కోపం. గిన్నె చప్పుడైతే కోపం. అమ్మ ఏం చేసేదో తెలుసా? స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుట్లో బిస్కెట్లు తినేది. నమిలేది నీకు వినబడకూడదని."

"ఎవరు? మీ అమ్మా?"

"నాకూ నేర్పింది. ఆరేళ్ళు నాకు. బకెట్టు పక్కన కూర్చుని రొట్టె తినేదాన్ని. తుంపర్లు పడి మెత్తగా అయిపోయేది. మెత్తటి రొట్టె తింటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. ఆకలి నీ ఒక్కడిదే అనుకుంటున్నావ్ నాన్నా. ఇల్లంతా చేసింది ఆ పస్తు."

"నాకు... నాకెప్పుడూ చెప్పలేదు మీ అమ్మ."

"చెప్తే తిట్టేవాడివి."

"నిజమే బావా. అక్క నాతో అనేది. మా ఇంటికొస్తే చాలు, రెండు పూటల తిండి ఒక్క పూటే తినేది పాపం."

"నువ్వు నోర్ముయ్యరా! గిట్ట చూడమంటే పురాణం విప్పుతావ్!"

"నా మీద అరిస్తే ఏమొస్తుంది? నేను గిట్ట పట్టుకునే ఉన్నా. ఎత్తమ్మా మిరియం. ఎత్తు బంగారం. ఎత్తట్లేదు."

"ఎత్తదు మామయ్యా. ఈ కాలు ఎత్తితే బరువంతా ఆ కాలి మీద పడుతుంది. అది కూడా నొప్పే. కాసేపాగు, సూది వేశాను, పని చెయ్యాలి."

"తల పట్టుకో బావా. నువ్వు పట్టుకుంటే ఆగుతుంది."

"పట్టుకున్నా."

"ఇంకో మాట కూడా విను నాన్నా, చెవులు అక్కడే ఉన్నాయి కదా. గడ్డి నాలుగు పూటలుగా ఎందుకు పెట్టమన్నాను? చిన్న కన్నాల వలసంచిలో వేలాడదియ్యమని ఎందుకన్నాను? ఒక్కో పరక లాక్కుని తింటుంటే రోజంతా పడుతుంది. పొట్ట ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఆ చార్టు రాసేటప్పుడు నేను ఒకే ఒక్కటి చూసుకున్నా, ఇది సన్నబడాలి గానీ పస్తుండకూడదని. ఎవర్ని చూసి నేర్చుకున్నాను అది? పుస్తకాన్నా?"

"బాగుంది. ఇప్పుడు నన్ను చూసి గుర్రానికి మేత రాస్తున్నావన్నమాట."

"నిన్ను చూసే."

"ఇదిగో, కాలు ఎత్తింది. ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి. లాడం వస్తోంది... వచ్చింది. అబ్బా."

"ఏంటి మామయ్యా?"

"ఇక్కడ నొక్కుతున్నా చూడు, పట్టకారుతో. గిట్ట ముందు భాగం."

"లాక్కుంది."

"లాక్కోవడం కాదు, వణుకుతోంది. ఇదిగో ఈ తెల్ల గీత ఉందే, అంచు చుట్టూ, ఇది తెల్లగా ఉండాలి. ఎర్రగా ఉంది. లోపల రక్తం చిమ్మింది. బావా, వచ్చి చూడు."

"వద్దు."

"చూడు బావా."

"నాకు తెలుసురా ఎలా ఉంటుందో. చూడక్కర్లేదు."

"ఫొటో తీశావా అమ్మా?"

"ఆరింటికే ఎక్స్‌రే తీశా. ఎడమ గిట్ట లోపలి ఎముక కిందికి తిరిగింది. అయిదు డిగ్రీలు. కుడి కాలు ఇంకా నయం."

"అయిదంటే..."

"ఇక్కడితో ఆగితే బతుకుతుంది. ఇవాళ్టి నుంచి ఒక్క గింజ కూడా పడకపోతే."

"ఆగకపోతే నేను చెప్తా బావా, ఇన్నేళ్ళలో చూశాను గనక చెప్తున్నా. ఇంకో పది రోజులు ఇలాగే తినుంటే ఆ ఎముక అరికాల్లోంచి బయటికి పొడుచుకొచ్చేది. అప్పుడు నా పట్టకారూ పనికిరాదు, దీని చార్టూ పనికిరాదు. ఒకే ఒక్క సూది వేసేవాళ్ళం."

"ఇప్పుడు మాట్లాడు నాన్నా. ఇందాకంతా గొంతు చించుకున్నావ్ కదా."

"ఏం మాట్లాడమంటావ్? బతుకుతుందన్నావ్ కదా. చాలు."

"స్వారీ మాత్రం ఇంక లేదు. జీను తీసి అటకెక్కించెయ్యి. మూడు నెలలు మెత్తటి రంపపుపొట్టు పరిచి నిలబెట్టాలి. మేత మాత్రం జన్మంతా ఇంతే."

"ఇంతే అయితే ఇంతే."

"అమ్మా, కాలికి అడుగున మెత్తలు కట్టాలి. బండిలో ఉన్నాయి, కొలిచి కోసుకొస్తా. పావుగంట పడుతుంది. ఈలోగా మీరిద్దరూ కొట్టుకోకండి. కొట్టుకున్నా గుర్రానికి దూరంగా కొట్టుకోండి."

"వెళ్ళిరా మామయ్యా. ఆ ఓట్స్ సంచి మిగిలుంటే అది కూడా నీ బండిలో పడేసుకో. ఎక్కడుంది నాన్నా?"

"జీను పెట్టె వెనకాల."

"విన్నావా మామయ్యా? జీను పెట్టె వెనకాల."

"తీసుకుపోతాలే. ఇంట్లో జావ కాచుకుంటాం."

"నవ్వు రావట్లేదు మామయ్యా."

"నాకూ రావట్లేదమ్మా. ఏదో అన్నాను."

"వాడు పోయాడుగా, ఇంక నువ్వు కూడా పో. ఆసుపత్రికి ఆలస్యమవుతుంది."

"సెలవు పెట్టా. నాన్నా, ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం. నిజం చెప్పు."

"చెప్పాను కదా. ఆకలేస్తోందని పెట్టా."

"రెండు వారాల్లో ముప్ఫై అయిదు కిలోలకి తక్కువ కాకుండా ఖర్చయింది. మామయ్య తీసుకెళ్ళిన సంచి అడుగున నాలుగైదు కిలోలున్నాయి, ఇప్పుడే చూశా. అంటే రోజుకి రెండున్నర. జాలిపడేవాడు గుప్పెడు పెడతాడు. క్యారెట్టు ముక్క పెడతాడు. రోజుకి రెండున్నర కిలోలు కొలిచి పెట్టడు."

"కొలవలేదు."

"కొలిచావు. బకెట్టులో గీత గీసుంది, సుద్దముక్కతో. రోజూ అదే గీత దాకా. నలభై ఏళ్ళు గుర్రాల మధ్య బతికినవాడివి. బలిసిన గుర్రానికి అంత గింజ పడితే కాళ్ళు పోతాయని నేను బళ్ళోకి వెళ్ళకముందే నీకు తెలుసు. నాకు చెప్పిందే నువ్వు. ఎక్కువైతే చచ్చిపోయేది, తక్కువైతే ఏమీ అయ్యేది కాదు. నువ్వు సరిగ్గా మధ్యలో పెట్టావ్. మేత నేను ఒక రకంగా రాస్తే, నువ్వు ఇంకో రకంగా రాశావ్. ఎందుకు?"

"బుర్ర తినకు."

"ఎందుకు నాన్నా?"

"నన్నొదిలెయ్. తలుపు తియ్యి, గాలాడట్లేదు."

"తియ్యను. ఎందుకు?"

"నువ్వు తీసుకుపోతావని!"

"ఏంటి?"

"దీన్ని తీసుకెళ్ళి ఆ స్వారీ బడి ఆవిడ చేతిలో పెడతావని! తెలీదనుకున్నావా? ఆవిడొచ్చింది, పళ్ళు చూసింది, కాళ్ళు ఎత్తి చూసింది, వీపు తట్టింది, సంతలో సరుకు చూసినట్టు. నేను పక్కనే ఉన్నా, నాకో మాట చెప్పలేదు మీరిద్దరూ. మర్నాడు వరండాలో ఫోన్లో అన్నావ్. నేను స్తంభం అవతలే ఉన్నా. 'బరువు తగ్గించి, కుంటు లేకుండా చేసి ఇస్తాను, నెలకి వచ్చి తీసుకెళ్ళండి' అన్నావ్. అన్నావా, లేదా?"

"అన్నాను."

"ఆ సాయంత్రమే చార్టు అంటించావ్. సమతులాహారమట! దేనికి సమతూకం? దాని ఒంటికా, వాళ్ళ పిల్లలెక్కే జీనుకా?"

"నువ్వు శాలలో రెండుసార్లు పడ్డావ్. తుంటి ఎముక అతికి ఏడాది కాలేదు. మూడోసారి ఆ కాళ్ళ కింద పడితే? నాకు పగలంతా ఆసుపత్రిలో చేతులు ఆడవు, ఇంటి నుంచి ఫోనొస్తే చాలు గుండె ఆగిపోతుంది. అందుకే ఆవిణ్ణి రమ్మన్నా. నిన్ను అడగాల్సింది. అడగలేదు. తప్పే."

"తప్పేనట! అన్నిటికీ ఒక మాట, తప్పే. ఒక్క పందెం గెలవలేదని అందరూ వదిలేస్తే తెచ్చుకున్నాను దీన్ని. మీ అమ్మ పోయాక పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపేది ఇదొక్కటే. మేత వెయ్యాలి కదా అని లేస్తాను. అది లేకపోతే నేనెందుకు లేవాలి? చెప్పు! ఎందుకు లేవాలి?"

"అందుకని దాని కాళ్ళు విరగ్గొడతావా!"

"కాళ్ళు విరగ్గొట్టాలనుకోలేదు! మొదటి వారం నేనూ నీ చార్టు ప్రకారమే పెట్టా. గడ్డి నానబెట్టా, నీళ్ళు పారబోశా. తొమ్మిది కిలోలు తగ్గిందని నువ్వు ఆ పలక మీద రాసి, మురిసిపోయావ్ చూడు, అప్పుడు అర్థమైంది నాకు. ఇలాగే తగ్గుకుంటూ పోతే సరిగ్గా నెలకి పోతుంది. అప్పుడు మీ మామయ్యని పిలిచి ఓట్స్ తెమ్మన్నా."

"కుంటితే తీసుకెళ్ళరని."

"కాస్త కుంటితే చాలనుకున్నా. కాస్త. వాళ్ళొచ్చి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయేంత. ఆ తరవాత నేనే ఆపేసి, నీ చార్టే పెడదామనుకున్నా. లెక్క నాకు తెలుసనుకున్నా."

"అయిదు డిగ్రీలు నాన్నా."

"విన్నాను."

"రోజూ దాని మొహం చూస్తూ ఆ బకెట్టు ఎలా పట్టుకున్నావ్?"

"అది నా చెయ్యి నాకుతుంటే పట్టుకున్నా! చాలా? ఇంకా అడుగు! దానికేం తెలుసు, ముసలాడు ప్రేమగా పెడుతున్నాడనుకుంది. నిన్న పొద్దున అది ఆ మూల నుంచి తొట్టి దాకా రాలేక నిలబడిపోతే, నేనే బకెట్టు మోసుకెళ్ళి మూతి దగ్గర పెట్టా. అప్పుడు కూడా తింది. అప్పుడు కూడా నేను ఆపలేదు. ఎందుకంటే ఇంకో వారమే కదా, వాళ్ళు వచ్చేస్తారు కదా అని. తిట్టు. ఇంకెవరూ తిట్టకపోతే నువ్వైనా తిట్టు!"

"ఎవరొస్తారు?"

"ఆ బడి వాళ్ళు."

"ఎవరూ రారు."

"నెలకి రమ్మన్నావ్. వచ్చే వారానికి నెల."

"ఆ ఫోను పెట్టేసిన కాసేపటికి ఇటొచ్చాను, నీతో చెబుదామని. నువ్వు మిరియం కాళ్ళ దగ్గర కూర్చుని గిట్టలు తుడుస్తున్నావ్. లేవబోయావ్, తుంటి సహకరించలేదు. దాని కాలు పట్టుకున్నావ్, మోకాలు పట్టుకున్నావ్, జూలు పట్టుకున్నావ్. నువ్వు నిలబడేదాకా అది తోక కూడా ఆడించలేదు. గడప అవతల నిలబడి చూశాను. దీని దగ్గర నీకేం కాదనిపించింది. అక్కడి నుంచే ఆవిడకి మళ్ళీ ఫోన్ చేశా, గుర్రాన్ని ఇవ్వట్లేదు, రావద్దని."

"మరి ఆ చార్టు?"

"అది గుర్రం కోసం. అప్పటికే గిట్టలు వెచ్చగా ఉన్నాయి."

"రావద్దన్నావా? ఆ రోజే?"

"ఆ రోజే."

"మూడు వారాలు... మరి నాకెందుకు చెప్పలేదే? ఒక్క మాట! ఒక్క మాట చెబితే..."

"చార్టు చూడగానే నా మొహం మీద తలుపేసుకున్నావ్ కదా నాన్నా. నాకూ పొడుచుకొచ్చింది కోపం. నువ్వే వచ్చి అడుగుతావ్, అప్పుడు చెబుదాంలే అని ఊరుకున్నాను."